రోస్తర్న్ పాస్టరు పూచీకత్తు

కుటుంబానికి ఒక కార్డు. పైన ఇంటిపెద్ద పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు. కింద భార్య, పిల్లలు వరుసగా. రష్యాలో చివరిగా కాపురమున్న పల్లె. ఎక్కి వచ్చిన ఓడ, దిగిన రేవు, దిగిన రోజు. ఏ ఒప్పందం కింద వచ్చారో దాని నంబరు. కెనడాలో మొదట చేరిన ఊరు. కొన్ని కార్డుల మీద తర్వాతి కాలంలో చేర్చిన ముక్కలు కూడా కనిపిస్తాయి: మారిన చిరునామా, ఒక మరణం.

ఈ కార్డులు కెనడాలోని విన్నిపెగ్ నగరంలో, మెన్నోనైట్ హెరిటేజ్ ఆర్కైవ్స్ అనే భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. 1923 నుంచి 1930 దాకా సోవియట్ రష్యా విడిచి వచ్చిన ఇరవై వేల పైచిలుకు మెన్నోనైట్ల వివరాలు వాటిలో ఉన్నాయి. ఇప్పుడు మునిమనవలు ఇంట్లో కూర్చుని కంప్యూటరు తెర మీద వాటిని తెరిచి తమ వాళ్ళను వెతుక్కుంటున్నారు. రాసినవాళ్ళు మాత్రం వాటిని అప్పు లెక్క కోసం రాశారు. ఓడ టికెట్టు, రైలు టికెట్టు అరువు మీద తీసుకుని వచ్చిన మనుషులెవరు, ఏ ఊళ్ళో ఉన్నారు, ఇంకా ఎంత కట్టాలి అనేది తెలియడం కోసం ఒక చిన్న ఆఫీసు రాసుకున్న ఖాతా అది. ఆ అప్పుకు పూచీ పడి సంతకం పెట్టినవారు సస్కచ్వాన్ రాష్ట్రంలోని రోస్తర్న్ అనే చిన్న ఊరి పాస్టరు, డేవిడ్ టేవ్స్.

పాలమూరు వలసల గురించి చదువుకుంటూ నేను ఈ కార్డుల దగ్గరికి చేరాను. ఆ మెన్నోనైట్లకూ మన పాలమూరు, నల్లగొండ జిల్లాలకూ నూట ముప్పై ఏళ్ళు దాటిన చుట్టరికం ఉంది. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ పెద్దమనిషి కథ చెప్పాలి.

టేవ్స్ 1870లో రష్యాలో, వోల్గా ప్రాంతంలోని ట్రాక్ట్ అనే మెన్నోనైట్ వలసలో పుట్టారు. ఆయనకు పదేళ్ళప్పుడు ఇంటిల్లిపాదీ బళ్ళు కట్టుకుని తూర్పు దిక్కుకు బయలుదేరారు. క్లాస్ ఎప్ అనే బోధకుడు ఆ బళ్ళను నడిపించాడు. క్రీస్తు రెండవ రాకడ దగ్గరపడిందని, విశ్వాసులు మధ్య ఆసియాకు వెళ్ళి ఆయనకోసం ఎదురుచూడాలని అతడి బోధ. రాకడ 1889లో అన్నాడు. ఆ ఏడు గడిచిపోయాక 1891 అన్నాడు. గడ్డిమైదానాలు, ఇసుక దారులు దాటుకుంటూ, దారిలో చనిపోయిన పసిపిల్లలను అక్కడక్కడే పూడ్చిపెట్టుకుంటూ, ఆ జనం తాష్కెంటు మీదుగా ఖీవా ఖాను రాజ్యం దాకా వెళ్ళారు. అక్కడ దోపిడీ ముఠాలు రాత్రిళ్ళు వచ్చి పడేవి. టేవ్స్ కుటుంబం ఆ తేదీల కోసం ఆగలేదు. 1884లో మరికొందరితో కలిసి వెనక్కి తిరిగి, సముద్రం దాటి అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని న్యూటన్ చేరింది.

అంటే పద్నాలుగేళ్ళు నిండేసరికి ఆ పిల్లవాడు మూడు ఖండాల మట్టి తొక్కాడు. ఒక నాయకుడి మాట మీద జనం ఇల్లూ వాకిలీ వదిలి ఎలా నడుస్తారో చూశాడు, ఆ మాట నిలబడకపోతే వాళ్ళ గతి ఏమవుతుందో కూడా చూశాడు. తర్వాతి జీవితంలో మాట ఇవ్వడం, ఇచ్చిన మాటకు కట్టుబడడం అనే రెండింటినీ ఆయన అంత బరువుగా తీసుకోవడానికి వేరు ఇక్కడే ఉందని నా నమ్మకం.

కాన్సస్‌లో చదువుకుని బడిపంతులయ్యారు. 1890ల మొదట్లో కెనడా వచ్చారు. మానిటోబాలో కొన్నాళ్ళు, తర్వాత సస్కచ్వాన్‌లో పిల్లలకు పాఠాలు చెప్పారు. 1901లో సంఘ బోధకుడిగా అభిషేకం పొందారు, 1913లో సంఘ పెద్ద అయ్యారు. ఆ కాలపు మెన్నోనైట్ సంఘాల్లో బోధకుడంటే జీతం తీసుకునే ఉద్యోగి కాదు. తమలో ఒకరిని సంఘమే ఎంచుకుంటుంది, అతడు వ్యవసాయమో పంతులుగిరో చేసుకుంటూ వాక్యం చెబుతాడు. బాప్తిస్మం ఇచ్చే అధికారం సంఘ పెద్దది. టేవ్స్ రోస్తర్న్‌లోని జర్మన్-ఇంగ్లీషు అకాడమీకి చాలా ఏళ్ళు ప్రిన్సిపాల్. 1914 మొదలు పాతికేళ్ళ పాటు కెనడా మెన్నోనైట్ సంఘాల మహాసభకు అధ్యక్షత కూడా ఆయనదే.

మెన్నోనైట్లెవరో రెండు మాటల్లో చెప్పుకుందాం. పదహారో శతాబ్దంలో, నెదర్లాండ్స్ ఉత్తర భాగంలో మెన్నో సైమన్స్ అనే కథోలిక ఫాదరు 1536లో తన పదవి వదిలి, పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వకూడదని, విశ్వసించి అడిగినవాళ్ళకే ఇవ్వాలని చెప్పే బృందంలో చేరాడు. ఆయన పేరు మీద ఈ జనానికి ఆ పేరు వచ్చింది. వీళ్ళు ఆయుధం పట్టరు, ఒట్టు వేయరు. అవునంటే అవును, కాదంటే కాదు. ఆయుధం పట్టని జనాన్ని ఏ రాజ్యమూ ఎక్కువ కాలం భరించదు గనక, నెదర్లాండ్స్ నుంచి విస్తులా నదీ ముఖానికి, అక్కడినుంచి రష్యా మహారాణి కేథరిన్ పిలిస్తే 1789లో నీపర్ నది ఒడ్డున ఖోర్టిట్సాకు, 1804లో మొలోచ్నాకు వలస పోతూ వచ్చారు. 1870లలో రష్యా సైనిక సేవను అందరికీ తప్పనిసరి చేసినప్పుడు సుమారు పద్దెనిమిది వేల మంది ఉత్తర అమెరికాకు వెళ్ళిపోయారు.

ఆ 1870ల వలసలో ఒక చిన్న సంగతి ఉంది. అది లేకపోతే టేవ్స్ సంతకానికి విలువ ఉండేది కాదు. మానిటోబాకు వచ్చిన కొత్తవాళ్ళకు మొదటి ఏళ్ళలో పంట చేతికి రాలేదు, మిడతలు పడ్డాయి. 1875లో కెనడా ప్రభుత్వం వాళ్ళకు తొంభై ఆరు వేల డాలర్ల పైచిలుకు అప్పిచ్చింది. అప్పటికే ఆంటేరియోలో స్థిరపడిన మెన్నోనైట్ రైతులు, కొత్తవాళ్ళతో ముఖపరిచయం కూడా లేనివాళ్ళు, ఆ అప్పుకు తమ ఆస్తుల మీద పూచీ పడ్డారు. అది చివరి పైసాతో సహా తీరింది. ఆ కాగితం ఒట్టావా దస్త్రాల్లో ఉండిపోయింది. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత ఒక రైల్వే కంపెనీ మెన్నోనైట్ల మాట నమ్మడానికి ఆ పాత కాగితమే కారణం.

ఇక 1920ల మొదలుకు వద్దాం. రష్యాలో విప్లవం, అంతర్యుద్ధం. నెస్టర్ మఖ్నో అనే తిరుగుబాటు నాయకుడి దండ్లు మెన్నోనైట్ పల్లెల మీద పడి చంపాయి, దోచాయి. వెంట టైఫస్ వచ్చింది. 1921, 22లలో కరవు. కెనడా తలుపులేమో మూసి ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకి పట్టని జర్మను భాషీయుల మీద కోపంతో 1919లో ఆ ప్రభుత్వం మెన్నోనైట్లు దేశంలోకి రాకూడదని ఉత్తర్వు తెచ్చింది. టేవ్స్, మరికొందరు పెద్దలు ఒట్టావా వెళ్ళి మొరపెట్టుకున్నారు. మెకెంజీ కింగ్ ప్రధాని అయ్యాక, 1922 జూన్‌లో ఆ ఉత్తర్వు రద్దయింది.

తలుపు తెరుచుకుంది కానీ టికెట్టుకు డబ్బు లేదు. కెనేడియన్ పసిఫిక్ రైల్వేకు ఓడలూ ఉన్నాయి, రైళ్ళూ ఉన్నాయి. దాని పట్టాల పక్కన నాగలి తగలని నేల లక్షల ఎకరాలుంది. రైతులొస్తే నేల అమ్ముడవుతుంది, పంట పండితే రైలుకు సరుకు దొరుకుతుంది. కంపెనీలో వలస వ్యవహారాలు చూసే కర్నల్ డెన్నిస్‌కు మెన్నోనైట్లు బాకీ ఎగ్గొట్టరని తెలుసు. నూటికి ఆరు వడ్డీ మీద ప్రయాణమంతా అప్పిస్తామన్నాడు. 1922 మేలో పుట్టిన కెనడా మెన్నోనైట్ వలస బోర్డుకు అధ్యక్షుడు టేవ్స్. సంతకం ఆయనే పెట్టాలి.

సొంతవాళ్ళే అడ్డం తిరిగారు. సభలు పెట్టి, ఆ ఒప్పందం వద్దన్నారు. ఎవరో కొత్తవాళ్ళు కట్టకపోతే రేపు రైల్వే వాళ్ళు వచ్చి మా పొలాలు జప్తు చేస్తే ఏం కావాలని భయపడ్డారు. ఆ భయాన్ని నేను తప్పు పట్టలేను. అప్పు ఇచ్చినా ఫరవాలేదు గానీ పూచీ పడొద్దని మన ఇళ్ళల్లో పెద్దలు చెప్పే మాట వెనక కూడా ఎన్నో కాలిన చేతులున్నాయి. టేవ్స్ ఆ అభ్యంతరాలన్నీ విన్నారు. విని సంతకం పెట్టారు. ఎవరి పొలమూ పోదని అందరికీ నచ్చజెప్పడానికి ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగారు.

1923 జులై 21న మొదటి బృందం రోస్తర్న్ స్టేషనులో దిగింది. చుట్టుపక్కల రైతులు బళ్ళు కట్టుకుని వచ్చి, ఎవరి వంతు కుటుంబాన్ని వాళ్ళు ఇంటికి తీసుకుపోయారు. అంతకు ముందు ఏ కుటుంబం ఎవరి ఇంట దిగాలో జాబితాలు తయారయ్యాయి. సోవియట్ సరిహద్దు దాటి లాత్వియాలో అడుగుపెట్టే చోట ఒక ఎర్ర ద్వారం ఉండేది. రైలు ఆ ద్వారం దాటగానే పెట్టెల్లో జనం కృతజ్ఞతా కీర్తనలు అందుకునేవారని ఆ ప్రయాణం చేసినవాళ్ళు ఎందరో చెప్పుకున్నారు.

అందరూ దాటలేదు. కంటి జబ్బు ట్రకోమా ఉన్నవాళ్ళను కెనడా వైద్యులు ఆపేశారు. తల్లి ముందుకు, బిడ్డ వెనక్కు. ఆగినవాళ్ళు జర్మనీలో లెక్‌ఫెల్డ్ శిబిరంలోనో, ఇంగ్లాండులో సౌతాంప్టన్ దగ్గర అట్లాంటిక్ పార్కులోనో నెలలు, కొందరు ఏళ్ళు గడిపారు. వాళ్ళ కోసం రోస్తర్న్ ఆఫీసు రాసిన ఉత్తరాలకు అంతులేదు. నాకు ఈ కాగితాల్లో అన్నిటికంటే బరువుగా తోచేవి ఇవే. ఒక దేశపు ప్రధానితోనూ రైల్వే అధిపతులతోనూ మాట్లాడగలిగిన మనిషి, ఒక పిల్ల కళ్ళు ఎప్పటికి నయమవుతాయని ఒక ఆసుపత్రికి మళ్ళీ మళ్ళీ రాస్తూ కూర్చోవడం. ఆ ఏళ్ళలోనే ఆయన సొంత ఇల్లు కాలిపోయింది. ఆ మంటల్లో ఆయన కూతురు చనిపోయింది. ఆఫీసు ఆగలేదు.

1929 చివర్లో వేలమంది మెన్నోనైట్లు పల్లెలు వదిలి మాస్కో చుట్టుపక్కల చేరి, దేశం విడిచి పోనివ్వమని వేడుకున్నారు. టేవ్స్ ఒట్టావా తలుపు తట్టారు. నిరుద్యోగం పెరుగుతోందంటూ రాష్ట్ర ప్రభుత్వాలు వెనక్కి తగ్గాయి, సస్కచ్వాన్ కూడా ఒప్పుకోలేదు. కొన్ని వేల మంది జర్మనీ చేరగలిగారు, వాళ్ళలో ఎక్కువమంది తర్వాత పరాగ్వే, బ్రెజిల్ అడవులకు పోయారు. మిగిలినవాళ్ళను సరుకు పెట్టెల్లో ఎక్కించి వెనక్కి పంపేశారు. వాళ్ళకు కార్డులు లేవు.

ఇక అప్పు. వాళ్ళు దాన్ని జర్మనులో రైజెషుల్డ్ అనేవారు, ప్రయాణపు బాకీ. మొత్తం పదిహేడు లక్షల డాలర్ల పైన. వచ్చినవాళ్ళు మొదటి పంట అమ్మేలోపే 1930ల మాంద్యం వచ్చి పడింది. గోధుమ ధర పాతాళానికి పోయింది. సస్కచ్వాన్‌లో వానలు లేక నేల మీది మట్టి గాలికి లేచి కంచెలను కప్పేసింది. వడ్డీ మాత్రం ఎండకూ వానకూ ఆగదు.

ఆ బాకీలో ఎంతో భాగం ఆడపిల్లలు తీర్చారు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే పాస్టర్ల జీవిత కథల్లో ఇది పక్కకు జారిపోతుంది. పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు విన్నిపెగ్, సస్కటూన్, వాంకూవర్ నగరాల్లో ఇంగ్లీషు వాళ్ళ ఇళ్ళల్లో పనికి కుదిరి, నెల జీతం ఇంటికి పంపితే అది బాకీ కింద జమ అయ్యేది. వాళ్ళు గురువారం సాయంత్రం సెలవు పూట కలుసుకోవడానికి, పని పోతే తల దాచుకోవడానికి సంఘాలు వసతి గృహాలు నడిపాయి. సస్కటూన్‌లో అలాంటి గృహం చూసుకున్న పాస్టరు జె.జె. తీసెన్ 1926లో వచ్చిన వలసదారే. ఊరూరా తిరిగి బాకీ వసూలు చేసిందీ ఆయనే, చివరికి టేవ్స్ బాధ్యతలు భుజాన వేసుకుందీ ఆయనే.

తమ వంతు ఎప్పుడో కట్టేసుకున్నవాళ్ళు కూడా, భర్తలు పోయిన ఆడవాళ్ళ బాకీలు, జబ్బుపడ్డవాళ్ళ బాకీలు తీర్చడానికి మళ్ళీ చందాలు వేసుకున్నారు. రైల్వే కంపెనీ పది లక్షల డాలర్ల పైన వడ్డీ వదులుకుంది. 1946 నవంబరులో అప్పు పూర్తిగా తీరింది. టేవ్స్ అప్పటికి మంచాన ఉన్నారు. 1947 ఫిబ్రవరి 25న రోస్తర్న్‌లో కన్నుమూశారు. సంతకం పెట్టిన నాటికి ఆయన వయసు యాభై రెండు, అప్పు తీరేనాటికి డెబ్భై ఆరు.

ఆ అప్పు తీరిందన్న కబురు ఒక్క కుటుంబ గౌరవానికి సంబంధించినది కాదు. యూరప్‌లో రెండో ప్రపంచ యుద్ధం మిగిల్చిన శిబిరాల్లో మళ్ళీ వేల మంది మెన్నోనైట్ శరణార్థులు ఎదురుచూస్తున్నారు. 1947 నుంచి కెనడాకు వాళ్ళను తీసుకురావడానికి అదే బోర్డు, అదే రైల్వే మళ్ళీ ఒప్పందం చేసుకోగలిగాయి. 1875 కాగితం 1922కు ఎలా దన్ను అయిందో, 1922 కాగితం 1947కు అలా అయింది.

కాగితాల సంగతికి వస్తాను. బోర్డు ఉత్తర ప్రత్యుత్తరాలు, లెక్క పుస్తకాలు, సభల మినిట్సు, ఈ కార్డులు, టేవ్స్ సొంత కాగితాలు కొన్ని, ఇవన్నీ నిలిచాయి. 1962లో ఫ్రాంక్ ఎప్ ఈ వలస చరిత్రను పెద్ద పుస్తకంగా రాయగలిగాడంటే అవి ఉండబట్టే. 2006లో హెల్మట్ హార్డర్ టేవ్స్ జీవిత చరిత్ర రాశాడు. ఈ పుస్తకాల్లో టేవ్స్ ఒక్క మెచ్చుకోళ్ళతోనే కనిపించరు. అందరినీ అడగకుండా ముందుకు పోతారని, లెక్కల్లో నిదానం చాలదని ఆయన మీద వచ్చిన ఫిర్యాదులూ కనిపిస్తాయి. పెద్దాయన పేరు చెడుతుందని వాటిని ఎవరూ పొయ్యిలో వేయలేదు. నాకు ఆ సంఘం మీద గౌరవం కలిగిన చోట్లలో ఇదొకటి. మన దగ్గర ఒక ప్రముఖుడి కాగితాలు బయటికి వచ్చేముందు ఇంటివాళ్ళు ఎన్ని ఏరి పారేస్తారో ఈ పని చేసినవాళ్ళందరికీ తెలుసు.

ఆ ఉత్తరాల్లో చాలా భాగం పాత జర్మను చేతిరాతలో ఉంటాయి. మనుమలకు జర్మను వచ్చినా ఆ అక్షరాలు చదవడం రాదు. మన గొలుసుకట్టు రాత గుర్తుకొస్తుంది. తాతల నాటి దస్తావేజులు, కరణాల లెక్కలు ఇంట్లో ఉన్నా అందులో ఒక్క పంక్తి చదవగలిగినవాళ్ళు ఊరికి ఒకరు మిగల్లేదు.

నిలిచిన కాగితం విలువ తెలియాలంటే నిలవకుండా పోబోయిన కాగితం కథ కూడా తెలియాలి. మొలోచ్నాలో పీటర్ బ్రౌన్ అనే ఉపాధ్యాయుడు విప్లవపు రోజుల్లో తమ పల్లెల కాగితాలన్నీ పోగుచేసి ఒక భాండాగారంగా కట్టాడు. రమారమి లక్షా నలభై వేల పుటలు. 1929లో సోవియట్ అధికారులు దాన్ని పట్టుకుపోయారు. అరవై ఏళ్ళ పాటు అది నాశనమైందనే అందరూ అనుకున్నారు. 1990లో కెనడా చరిత్రకారుడు హార్వీ డిక్ ఒడెస్సా ప్రభుత్వ భాండాగారంలో వెతుకుతుండగా కట్టలు కట్టలుగా బయటపడింది. ఇప్పుడు మైక్రోఫిల్ముల మీద కెనడాలోనూ ఉంది. ఒక పల్లె పంతులు కట్టిన కట్ట, ఆ పల్లెలే లేకుండా పోయాక కూడా విడిపోలేదు.

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా దాటిపోతే అన్యాయం. రోస్తర్న్‌కు దగ్గరలోనే లెయర్డ్ అనే ఊరుంది, అక్కడ స్టోనీ నోల్ అనే గుట్ట ఉంది. 1876లో బ్రిటిష్ రాణి పేర జరిగిన ఆరవ ఒడంబడిక కింద ఆ చుట్టూ ఉన్న నేల యంగ్ చిపెవయన్ అనే క్రీ ఆదివాసీ బృందానికి దఖలైంది. ఆ ప్రాంతంలో 1885లో లేచిన తిరుగుబాటు రోజుల్లో ఆ బృందం చెల్లాచెదురైంది. 1897లో ప్రభుత్వం వాళ్ళనడగకుండా, పైసా ఇవ్వకుండా ఆ నేల తీసేసుకుని మెన్నోనైట్లకు, లూథరన్లకు తెరిచింది. అన్యాయాన్ని సరిదిద్దమని వాళ్ళ వారసులు అడిగితే, మీరు ఫలానావాళ్ళ వారసులని ముందు రుజువు చేసుకోండని ప్రభుత్వం అంది. అదే నేల మీద ఒక జనానికి కుటుంబానికో కార్డు ఉంది, ఇంకో జనానికి తాత పేరు రుజువు చేసుకునే కాగితం లేదు.

2006లో ఆ గుట్ట మీద క్రీ పెద్దలు, మెన్నోనైట్లు, లూథరన్లు కలిసి కూర్చున్నారు. ఆ తర్వాత చుట్టుపక్కల మెన్నోనైట్, లూథరన్ సంఘాలు డబ్బు పోగుచేసి ఆ బృందపు వంశావళి పరిశోధనకు ఇచ్చాయి. తమ వంశం వెతుక్కోవడం నేర్చుకున్న జనం, తాము కాపురముంటున్న నేల అసలు హక్కుదారుల వంశం వెతకడానికి సాయపడ్డారు. ఆ పని చిన్నదే, నేల ఇంకా వాళ్ళకు దక్కలేదు. అయినా కాగితం భద్రపరచడంలో ఉన్న న్యాయం ఎక్కడిదాకా పోగలదో నాకు అక్కడ తెలిసింది.

ఇప్పుడు మన చుట్టరికం. 1890లో మొలోచ్నా మెన్నోనైట్ బ్రదరన్ సంఘం పంపిన అబ్రహాం ఫ్రీసెన్ నల్లగొండలో మిషన్ మొదలుపెట్టాడు. రష్యాలోని పల్లె రైతుల కానుకలు ఆ పనికి వచ్చేవి. 1921లో ఆకలికి మాడింది ఆ పల్లెలే. 1899లో అమెరికా మెన్నోనైట్ బ్రదరన్ మిషనరీలు హైదరాబాదు వచ్చారు. తర్వాత నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ, మహబూబ్‌నగర్, గద్వాల, జడ్చర్ల, శంషాబాదు. పాలమూరులో ఎం.బి. చర్చి అంటే తెలియని ఊరు తక్కువ. ఈ సంఘాల్లో ఎక్కువమంది మాదిగ, మాల కుటుంబాలవాళ్ళు. పాలమూరు వలస కూలీల్లోనూ పెద్ద పాలు వాళ్ళదే.

ఆ వలస గురించి తెలుగు పాఠకుడికి కొత్తగా చెప్పక్కర్లేదు. గుంపు మేస్త్రీ వస్తాడు, అడ్వాన్సు ఇస్తాడు. మొగుడూ పెళ్ళాం కలిసి ఒక జంటగా లెక్క. ఆనకట్టకో, కాలువకో, సొరంగానికో లారీ ఎక్కుతారు. ప్రయాణపు అప్పు, తిండి ఖర్చు, జబ్బు ఖర్చు జంట పేర రాస్తారు. రాసేది మేస్త్రీ. చాలామంది కూలీలకు చదువు రాదు, వచ్చినా ఆ పుస్తకం వాళ్ళ చేతికి రాదు. రోస్తర్న్‌లోనూ ప్రయాణపు అప్పే, ఇక్కడా ప్రయాణపు అప్పే. అక్కడ పుస్తకం అప్పు తీసుకున్న జనం చేతిలో, వాళ్ళ సంఘం ఆఫీసులో, వాళ్ళ భాషలో ఉంది. ఇక్కడ అది ఇచ్చినవాడి జేబులో ఉంది. అందుకే ఒకచోట అప్పు తీరాక గౌరవం మిగిలింది, ఇంకోచోట అప్పు తీరిందో లేదో కూడా తేలలేదు.

చట్టం రాక కాదు. 1979లో వచ్చిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం, ప్రతి కూలీకీ ఫోటో అతికించిన పాసుబుక్కు ఇవ్వాలంది. పని ఎక్కడ, ఎన్నాళ్ళు, కూలి ఎంత, అందులో కోతలెంత, తిరుగు ప్రయాణం ఖర్చెంత అన్నీ అందులో ఉండాలంది. దాదాపు రోస్తర్న్ కార్డే అది. అలాంటి పాసుబుక్కు చేతిలో ఉన్న పాలమూరు కూలీని నేను ఇంతవరకూ చూడలేదు. 2020 లాక్‌డౌన్‌లో ఎంతమంది వలస కూలీలు చనిపోయారని పార్లమెంటులో అడిగితే, అలాంటి లెక్క తమ దగ్గర లేదని కేంద్ర కార్మిక శాఖ జవాబిచ్చింది.

మన సంఘాల చరిత్రా అంతే. పాలమూరు మిషన్ గురించి మిషనరీలు రాసిన ఉత్తరాలు, నివేదికలు అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో భద్రంగా ఉన్నాయి. ఎండలో ఊరూరా నడిచి వాక్యం చెప్పిన తెలుగు బోధకులు, బైబిలు స్త్రీలు సొంత చేత్తో రాసుకున్నవి ఎక్కడున్నాయి? ఎన్నో చర్చిల్లో బాప్తిస్మం రిజిస్టర్లు బీరువాల్లో చెదల పాలవుతున్నాయి. ఒక తరం క్రితం దాకా ఒక దళిత కుటుంబం పేరు, పుట్టిన రోజు, పెళ్ళి తేదీ పద్ధతిగా రాసిన కాగితం ఊళ్ళో ఏదైనా ఉందంటే, అనేక చోట్ల అది ఆ రిజిస్టరే. రోస్తర్న్ పాస్టరుకు మనసులో వారసులమని చెప్పుకోగల పాస్టర్లు పాలమూరులో వందల మంది ఉన్నారు. వాళ్ళు ఆ రిజిస్టర్లను సెల్‌ఫోనుతో ఫోటోలు తీసి నాలుగు చోట్ల దాచినా చాలు. సంఘం నుంచి పని కోసం పోయేవాళ్ళ పేర్లు, పోతున్న చోటు, అడ్వాన్సు ఎంతో ఒక పుస్తకంలో రాసిపెట్టినా చాలు. ఆ పుస్తకం పాస్టరు దగ్గర ఉందని తెలిస్తే మేస్త్రీ లెక్క కూడా సరిగ్గా నడుస్తుంది.

నిరుడు వేసవిలో నాగర్‌కర్నూలు దగ్గర ఒక ఊళ్ళో ఎనభై దాటిన ఒక పెద్దయ్యను కలిశాను. ఒకప్పుడు గుంపు మేస్త్రీ. ఆ పని మానేసి ముప్పై ఏళ్ళయింది. అటక మీది రేకు పెట్టెలోంచి ఒక పొడుగాటి నోటుబుక్కు తీసి నా ముందు పెట్టాడు. "ఎవరికి పనికొస్తది బిడ్డా ఇది? చెదలు తినకముందే తీస్కపో" అన్నాడు.

పుటకు ఇరవై పంక్తులు. పంక్తికి ఒక మగవాడి పేరు, దాని పక్కన 'జంట', దాని పక్కన డబ్బు. ఒక్క ఆడమనిషి పేరు లేదు.

"పెద్దయ్యా, ఈ మొదటి పేరు వాళ్ళ ఇంటామె పేరు యాదికుందా?" అని అడిగాను. ఉందన్నాడు. చెప్పాడు. 'జంట' పక్కన పెన్సిలుతో రాశాను. రెండోది చెప్పాడు, రాశాను. అలా పదమూడు పంక్తులు పోయాయి. పద్నాలుగో పంక్తి దగ్గర వేలు ఆగిపోయింది. కళ్ళు మూసుకుని ఆలోచించాడు. తర్వాత ఇంట్లోకి చూసి కేకేశాడు, "ఏమే, కాలువ పని కాడ మనతోటి ఉన్న ఆ పొడుగాయన పెండ్లాం పేరేంది?"

ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, పేరు చెప్పి, నా పక్కన గడప మీద కూర్చుంది. "అట్లనే ఆమె పిల్లల పేర్లు గూడ రాయి" అంది.